గుండీల సీసాలో జిజ్ఞాస

పిల్లలు ప్రశ్నలు అడగని ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. కొన్ని నెలలుగా నేను అటువంటి ఇంట్లోనే ఉంటున్నాను. పొద్దున్నే పత్రికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒక్క ఆటంకం లేకుండా చదువుకుంటున్నాను. సంపాదకీయాన్ని కూడా వదలడం లేదు. డెబ్బై దాటిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ప్రశాంతత ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీనికి కారణం పాఠశాలల పాఠ్యప్రణాళిక. కచ్చితంగా చెప్పాలంటే, అందులో ‘లక్ష్యాలు, మార్గదర్శక సూత్రాలు’ అనే అధ్యాయం. ఇంకా కచ్చితంగా చెప్పమంటే, ఆ అధ్యాయంలోని నాలుగో లక్ష్యం: “విద్యార్థిలో జిజ్ఞాసను పెంపొందించుట.” ఆ వాక్యం నాది. వినయం గొంతుకు అడ్డం పడుతున్నా చెప్పక తప్పదు.

పాఠ్యప్రణాళికల్ని తిట్టడం ఈ రోజుల్లో ఫ్యాషన్ అయిపోయింది. బరువు ఎక్కువంటారు, బతుక్కి పనికిరాదంటారు, గదుల్లో కూర్చున్నవాళ్ళు రాశారంటారు. గదుల్లో కాక మరెక్కడ కూర్చుంటాం? వానలోనా? ఈ నిందలన్నిటికీ సమాధానంగా మా ఇంటినే సాక్ష్యంగా నిలబెడుతున్నాను. ఒక్క లక్ష్యం, ఒక్క ఏడాదిలో, ఒక్క పిల్లని ఎంతగా మార్చగలదో వినండి. తర్వాత మీరే మా సంఘానికి దండం పెడతారు.

ముందు నా సంగతి. విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఏ ఫలితం కనిపించినా దాని కారణాన్నీ, ఆ కారణానికి మరో కారణాన్నీ తవ్వేదాకా నాకు తోచదు. మా అల్లుడు ఈ గుణాన్ని ‘అత్తయ్యగారి తవ్వకాలు’ అంటాడు, నేను పక్క గదిలో ఉన్నాననుకున్నప్పుడు. కాబట్టి ఈ ప్రశాంతతను కూడా మొదలంటా తవ్వి చూపిస్తాను.

పాఠ్యప్రణాళిక సంఘం సమావేశాలు ఒక పొడుగాటి గదిలో జరిగేవి. కిటికీలు ఉన్నాయిగాని, రంగు వేసినవాళ్ళు రెక్కల్నీ చట్రాల్నీ కలిపి వేసేయడంతో అవి తెరుచుకునేవి కావు. వాటి మధ్య గోడ మీద మార్గదర్శక సూత్రాల ఛార్టు: శిశుకేంద్రకత, జీవితంతో అనుసంధానం, సమతుల్యత, వెసులుబాటు. ఈ నాలుగింటినీ మేము తు.చ. తప్పక పాటించాం.

శిశుకేంద్రకత అంటారా? బల్ల చుట్టూ కూర్చున్న మేమందరం శిశువునే కేంద్రంగా పెట్టుకుని మాట్లాడాం. శిశువును మాత్రం పిలవలేదు. కుర్చీలు చాలలేదు.

జీవితంతో అనుసంధానం, టీ వచ్చినప్పుడల్లా పాటించాం.

అన్నిటికంటే కఠినంగా అమలైంది వెసులుబాటు. అది ఏ వారంలో ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగియాలో టైంటేబుల్ వేశాం. దాటినవాళ్ళను సంజాయిషీ అడగాలని కూడా రాశాం.

సమతుల్యత దగ్గరే కాస్త ఇబ్బంది పడ్డాం. కొత్త లక్ష్యం ఒకటి చేరితే పాత పీరియడ్ ఒకటి పోవాలి. కుట్టుపని పీరియడ్ పోయింది. ఆ టీచరమ్మ కూడా మా సంఘంలో సభ్యురాలే. తన పీరియడ్ తీసివేతకు ఆవిడా చెయ్యి ఎత్తింది. అందరూ ఎత్తారు కదా అని ఎత్తిందట.

అప్పుడు వచ్చింది నా నాలుగో లక్ష్యం. చదివి వినిపించాను. కాసేపు అందరూ తలలూపారు. మా సంఘంలో అందరికంటే అనుభవజ్ఞుడైన విశ్రాంత హెడ్మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ఆయన అభ్యంతరానికి ముందుమాట.

“బాగుందమ్మా. కానీ కొలిచేదెలా? కొలవలేనిదాన్ని లక్ష్యం అనకూడదు. ఆశ అనాలి. ఆశలకి చివర్లో అనుబంధం పెట్టాం, అందులో వేద్దాం.”

నా వాక్యం అనుబంధంలోకా? చివరి పుటల్లో, అచ్చుతప్పుల పట్టిక పక్కనా? నాకు చురుక్కుమంది. మనిషి చేసే చాలా తప్పులకు చెడ్డతనం కారణం కాదు. తన వాక్యం మీద తనకున్న మమకారం కారణం.

“కొలవడానికేముందండీ? పిల్లలు అడిగే ప్రశ్నల్ని లెక్కపెడితే సరి,” అన్నాను.

కార్యదర్శిగారు కలం మూత తీశారు. ఏ మాటకైనా తీర్మానం రూపం ఇవ్వగల మనిషి ఆయన. “లెక్కపెట్టేదెవరు మేడమ్? టీచరు పాఠం చెప్పుకోవాలా, గీతలు గీసుకోవాలా?”

“నా దగ్గర డబ్బా నిండా గుండీలున్నాయి,” అంది కుట్టుపని టీచరమ్మ. “పిల్లకో గాజుసీసా పెట్టి, ప్రశ్నకో గుండీ వెయ్యండి. ఇక నాకవెందుకు?”

అది త్యాగమని మేమంతా మెచ్చుకున్నాం. ఎత్తిపొడుపేమోనని నాకు ఇంటికి వచ్చాక తోచింది.

హెడ్మాస్టారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. “గడుసుపిల్లలుంటారమ్మా. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగి సీసా నింపేస్తారు.”

నేను అక్కడికక్కడే ఒక నిబంధన చెప్పాను: “ఒకసారి అడిగిన ప్రశ్నను మరల అడిగినచో లెక్కలోనికి తీసుకొనరాదు.”

“పకడ్బందీగా ఉంది,” అన్నారు హెడ్మాస్టారు. ఆయన నోట అంతటి మెచ్చుకోలు అంతకుముందు ఎవరూ వినలేదట. ఆ సాయంత్రం నేను బస్సులో కూర్చోలేదు. సీటు ఖాళీగానే ఉంది. సంతోషంతో నిలబడ్డాను.

ఇక, ఈ లక్ష్యం ఎవరి మీద పడిందో చెప్పాలి. మా మనవరాలు మూడో తరగతి. దాన్ని ఇంట్లో పిడుగు అంటాం. ఎప్పుడు ఎక్కడ ఏ ప్రశ్న పడుతుందో తెలియకపోవడమే ఆ పేరుకు కారణం. గొంగళిపురుగుకి దురద పుడుతుందా? అద్దం పగిలితే అందులో ఉన్న మనం ఎక్కడికి పోతాం? ఆవలింత పక్కవాళ్ళకు ఎందుకు అంటుకుంటుంది? ఇవన్నీ నేను సంపాదకీయం మొదటి పేరాలో ఉండగా. సంపాదకీయాల రెండో పేరాలు ఎలా ఉంటాయో చాలా కాలం నాకు తెలియదు.

పొద్దున్నే టీ నీళ్ళు పెట్టడం నా పని. గిన్నె ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడం దాని పని. ఒకరోజు అది చెవి ఒగ్గి వింటూ అంది:

“అమ్మమ్మా, నీళ్ళు కాగేటప్పుడు గుయ్యిమని చప్పుడు చేస్తాయి కదా. తీరా మరిగే ముందు ఆ చప్పుడు తగ్గిపోతుందేం?”

విన్నాను. నిజమే. ఇన్నేళ్ళుగా టీ కాస్తున్నాను, ఆ సంగతి ఎప్పుడూ చెవిన పడలేదు. కారణాలు తవ్వే మనిషినని ఇప్పుడే చెప్పుకున్నానే, ఆ మనిషి ఏమందో వినండి.

“నాది విద్యాశాస్త్రమే. నీళ్ళు కాగే శాస్త్రం కాదు. మీ టీచరమ్మని అడుగు. సీసాలో గుండీ కూడా పడుతుంది.”

అది వెళ్ళి అడిగింది. టీచరమ్మ “వేడి వల్ల” అని చెప్పి సీసాలో గుండీ వేసింది. మర్నాడు అది మళ్ళీ చెయ్యెత్తింది: వేడి పెరిగితే చప్పుడు కూడా పెరగాలి కదా, తగ్గుతుందేం? అడిగిందే అడిగావు, కూర్చో అంది టీచరమ్మ. గుండీ పడలేదు. మూడోనాడు కూడా అదే. ఆ తర్వాత కూడా అదే. టీచరమ్మను తప్పు పట్టకండి. ఆవిడ నిబంధన ప్రకారం నడుచుకుంది, నిబంధన పకడ్బందీది.

మిగతా పిల్లల జిజ్ఞాస మాత్రం పొంగి పొర్లింది. టైమెంత, అన్నవాడికి గుండీ. ఇది పరీక్షకి వస్తుందా, అన్నదానికి గుండీ. ఒక బుద్ధిమంతుడు రోజూ లేచి “టీచర్, నేనొక ప్రశ్న అడగొచ్చా?” అనేవాడు. అడుగు అనేది ఆవిడ. “అడిగేశాను కదా,” అని గుండీ వేయించుకుని కూర్చునేవాడు. మర్నాడు “నేనింకో ప్రశ్న అడగొచ్చా?” అని ఒక మాట మార్చేవాడు. మా మనవరాలు వాడి గురించి చెబుతుంటే ఆ వయసులోనే వాడికి కార్యదర్శి లక్షణాలు ఉన్నాయనిపించింది.

టర్మ్ చివర ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. అన్నీ బాగున్నాయి. నాలుగో లక్ష్యం ఎదుట మాత్రం ఎర్ర సిరాతో: “జిజ్ఞాస లోపించినది.” కింద చిన్న అక్షరాల్లో, వచ్చే టర్ములో కూడా సీసా నిండకపోతే ఆటల పీరియడ్‌లో పిల్లని ప్రత్యేక జిజ్ఞాస తరగతిలో కూర్చోబెడతామని ఉంది. మా పిడుగు బడికి వెళ్ళేదే ఆటల పీరియడ్ కోసం. మిగతావన్నీ దారిలో తగిలే స్టాపులు.

మా అమ్మాయి ఆ కార్డు నా పత్రిక మీద పడేసింది. మాటల్లో పొదుపు తెలిసిన పిల్ల.

“చూశావా అమ్మా? నువ్వు కట్టిన గేటు. నీ మనవరాలే బయట నిలబడింది.”

“కొలతలో ఏదో పొరపాటు...”

“కొలత కూడా నీదే. నాలుగు నెలలు డైనింగ్ టేబుల్ మీద పరిచి రాశావు. మేం ఒళ్ళో పళ్ళేలు పెట్టుకు తిన్నాం.”

“అది ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుందే. దానికి మాత్రం...”

“మరి జవాబు చెప్పకపోయావా?”

ఇటువంటి ప్రశ్నలకు మా సీసాల్లో గుండీ పడదు. పడి ఉంటే మా అమ్మాయి సీసా ఆ రోజే నిండేది.

అల్లుడు గుమ్మం చాటు నుంచి నెమ్మదిగా అన్నాడు, “అత్తయ్యగారూ, ఆ గుండీల రూలు కొంచెం సడలించమని చెప్పొచ్చు కదండీ?”

“వెసులుబాటుకు టైంటేబుల్ ఉందోయ్,” అన్నాను. అన్నాకగాని నా మాట నాకు వినిపించలేదు.

మా అమ్మాయి కార్యవాది. ఆ వారమే పిడుగుని ప్రశ్నల మాస్టారి దగ్గర చేర్పించింది. ప్రశ్నలు అడగడం నేర్పే ట్యూషన్లు మీ వీధిలో ఇంకా వెలవలేదేమో, మా వీధిలో రెండు వెలిశాయి. మా అమ్మాయి ఎంచుకున్నది మందుల షాపు పైన ఉన్నది. మెట్ల దగ్గర బోర్డు: “జిజ్ఞాస గ్యారంటీ. అడగలేని పిల్లలకు ప్రత్యేక శ్రద్ధ.” నా వాక్యం ఒక కుటుంబాన్ని పోషిస్తున్నది, గమనించారా? ఉపాధి కల్పన మా లక్ష్యాల్లో లేదు. అయినా సాధించాం.

మొదటి రోజు దింపడానికి నేనే వెళ్ళాను. మాస్టారు సన్నగా, చురుగ్గా ఉన్నాడు. పిల్లల చేత వల్లె వేయిస్తున్నాడు. ఆకాశం నీలంగా ఎందుకుండును? పక్షులు ఎందుకెగురును? సముద్రపు నీరు ఉప్పగా ఎందుకుండును? ప్రతి ప్రశ్న చివరా అందరూ కలిసి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటున్నారు.

మా పిడుగు చెయ్యెత్తింది. “ఎందుకుంటుంది మాస్టారూ?”

“ఏది?”

“ఉప్పగా.”

ఆయన నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు, జబ్బు ముదిరాక తీసుకొచ్చారే అన్నట్టు. “చూడమ్మా, బంగారుతల్లీ. జవాబు జోలికి పోకూడదు. ఒక జవాబు వినే టైములో మూడు ప్రశ్నలు అడగొచ్చు. జవాబుకి గుండీ ఉందా?”

“లేదు.”

“మరి?”

లేదనే మాట నిజం. ఇంటికి వచ్చి నాలుగో లక్ష్యాన్నీ, దాని ఉపలక్ష్యాల్నీ, వివరణల్నీ మళ్ళీ చదివాను. ప్రశ్న ఎలా ఉండాలో, ఎంత పొడుగుండాలో, ఎవరివైపు చూసి అడగాలో అన్నీ ఉన్నాయి. జవాబు అనే మాట ఎక్కడా లేదు. అంతమంది విద్యావేత్తలం, ఆ తెరవని కిటికీల గదిలో, జవాబు సంగతి మరిచిపోయాం! ఎవరికీ గుర్తు రాకపోవడానికి కారణం కూడా తవ్వాను. ఆ గదిలో తెలుసుకుందామని ఒకర్నొకరు ఏమీ అడగలేదు. తీర్మానించాం, అంతే.

తర్వాతి టర్ము మా మనవరాలి జిజ్ఞాస ఆకాశాన్ని అంటింది. రోజుకో దోసెడు గుండీలు. అది లేచి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది, టీచరమ్మ టపటపా గుండీలు వేసేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన పని లేదు. సీసా నిండింది. రెండో సీసా ఇచ్చారు. ఆటల పీరియడ్ దక్కింది. మా అమ్మాయి పేరెంట్స్ మీటింగుకు మంచి చీర కట్టుకుని వెళ్ళింది.

ఇంట్లోనో? నిశ్శబ్దం. పొద్దున్నే వంటింట్లోకి వస్తుంది, పాలు తాగుతుంది, వెళ్ళిపోతుంది. ముక్కాలిపీట గోడవార నిలబెట్టే ఉంటోంది. ఒకనాడు వీధిలో కుంటి కుక్క ఒకటి పోతుంటే దాన్నే చూస్తూ నిలబడింది. పెదవి కదిలింది. ఇప్పుడు పడుతుంది ప్రశ్న అనుకుని పత్రిక దించాను.

“ఏమిటే?”

“ఏం లేదు అమ్మమ్మా. ఇది మాస్టారి ప్రశ్నల్లో లేదు.”

అంతటి క్రమశిక్షణ! ఎనిమిదేళ్ళ పిల్ల, తనకు తోచినదాన్ని తానే మింగేసుకుంది. నేను పత్రిక మళ్ళీ ఎత్తాను. ఆ రోజు సంపాదకీయం రెండో పేరా చదివాను, మూడో పేరా చదివాను. చెబుతున్నా వినండి, వాటిలో ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక చిన్న లోపం ఒప్పుకోవాలి. లోపం లక్ష్యానిది కాదు, నాది. అంత ప్రశాంతత నాకు పడలేదు. టీ నీళ్ళ చప్పుడు వినిపించసాగింది. గుయ్యిమని లేచి, పెరిగి, సరిగ్గా మరగబోయే ముందు తగ్గేది. రోజూ. ఎందుకు తగ్గుతుంది? అడిగేవాళ్ళు లేని ప్రశ్న నా వంటింట్లో అద్దెకు దిగింది. లైబ్రరీకి వెళ్ళి భౌతికశాస్త్రం పుస్తకాల ముందు కూర్చున్నాను. లైబ్రేరియన్ నేను దారి తప్పాననుకుని విద్యాశాస్త్రం బీరువా చూపించింది. జవాబు దొరికింది. చక్కని జవాబు. అది చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చాను. తీసుకునేవాళ్ళు లేరు.

చెప్పేయొచ్చు కదా అంటారా? అడగనిదానికి జవాబు చెబితే దాన్ని పాఠం అంటారు. ఆ పని నేను ముప్పై ఏళ్ళు చేశాను. వినేవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

పాఠ్యప్రణాళిక సమీక్షా సమావేశానికి పిలుపు వచ్చింది. నాలుగో లక్ష్యాన్ని తీసేయాలని ప్రతిపాదించడానికి వెళ్ళాను. అదే గది, అవే కిటికీలు. ఒక మూల గాజుసీసాల బస్తాలు.

“తీసెయ్యడమా?” అన్నారు కార్యదర్శిగారు. “మేడమ్, మొత్తం ప్రణాళికలో విజయవంతమైంది అదొక్కటే. గుండీలు చాలక ఆర్డరు పెట్టాం.”

“పిల్లలు అడగడం మానేశారండీ.”

“గుండీలు పెరుగుతుంటేనా?”

“గుండీలు పెరుగుతున్నాయి. అడగడం మానేశారు.”

హెడ్మాస్టారు కళ్ళజోడు తీశారు. “ఆ రెండోది కొలిచారా అమ్మా?”

కొలవలేదు. ఎలా కొలుస్తాను? ఒక పిల్ల కుంటి కుక్కను చూసి నోరు మూసుకోవడాన్ని ఏ సీసాలో వేస్తాను?

అప్పుడు నాకు ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. దానికీ, నేను ఈ వ్యాసం రాయడానికీ సంబంధం ఉంది. జాగ్రత్తగా వినండి.

“అయితే ఒక పని చేద్దాం,” అన్నాను. “నాలుగో లక్ష్యం పక్కనే మరికొన్ని చేర్చండి. అబద్ధాలాడుట. బద్ధకించుట. అన్నదమ్ములు జుట్టూ జుట్టూ పట్టుకొనుట. రాత్రిపగలు ఫోను చూచుట. ఒక్కోదానికీ సీసా పెట్టండి, మార్కులు ఇవ్వండి, ట్యూషన్లు రానివ్వండి. రెండేళ్ళలో ఈ దురలవాట్లు ఒక్క పిల్లలోనైనా మిగిలితే నన్నడగండి.”

కుట్టుపని టీచరమ్మ పకాలున నవ్వింది. ఆ గదిలో నేను విన్న మొదటి నవ్వు అది. మిగతావాళ్ళు నవ్వలేదు. కార్యదర్శిగారు రాసుకుంటున్నారు.

“అబద్ధం అనే మాట బాగోదు మేడమ్. కల్పనాశక్తి అందాం.”

“బద్ధకానికి మూల్యాంకనం కష్టమమ్మా,” అన్నారు హెడ్మాస్టారు. “పిల్లలు ఏమీ చెయ్యకుండా కూర్చుంటే, బద్ధకమో అశ్రద్ధో తేల్చేదెలా?”

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. ఉపసంఘం వేశారు. నాలుగో లక్ష్యం అలాగే ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏకగ్రీవంలో నేను కూడా ఉన్నానని కార్యదర్శిగారు చెబితే తెలిసింది. చివర, ఇంతటి లక్ష్యాన్ని అందించినందుకు గుర్తుగా నాకొక గాజుసీసా బహూకరించారు. నిండా గుండీలు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బయట మెట్ల మీద కుట్టుపని టీచరమ్మ నా చేతిలోని సీసా వంక చూసింది.

“ఇవి చొక్కాలకి కూడా పనికొస్తాయి మేడమ్,” అంది. “చాలామందికి తెలియదు.”

మర్నాడు పొద్దున్న టీ నీళ్ళు పెట్టాను. సీసాను కిటికీ గట్టు మీద ఉంచాను. పిడుగు పాలగ్లాసు కోసం వచ్చింది. బడి చొక్కాకు మెడ దగ్గర గుండీ ఊడిపోయి ఉంది. ఊరంతా గుండీలు లెక్కపెడుతున్నారు, పిల్ల చొక్కాకు గుండీ లేదు. సీసాలోంచి ఒకటి తీసి, దాన్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి కుట్టడం మొదలుపెట్టాను. కదిలితే సూది గుచ్చుకుంటుంది కాబట్టి అది కదల్లేదు.

గిన్నె గుయ్యిమంది. పెరిగింది. ఇద్దరమూ విన్నాం. దాని గొంతు దగ్గరే ఉన్నాయి నా వేళ్ళు. ఏదో అక్కడిదాకా వచ్చి ఆగడం తెలుస్తూనే ఉంది. చప్పుడు తగ్గింది.

నేను ఆగలేకపోయాను.

“ఎందుకే, ఆ చప్పుడు ఇప్పుడు తగ్గిపోయింది?”

అది నా వైపు అనుమానంగా చూసింది. “నీకు గుండీ రాదు అమ్మమ్మా. అది నేను ఇదివరకే అడిగిన ప్రశ్న.”

“రాకపోతే పోనీవే. నాకు సీసాడు గుండీలు ఉన్నాయి.”

“మరెందుకు అడుగుతున్నావు?”

“ఊరికే. తెలుసుకుందామని.”

ఊరికే అనే మాట అది చాలాకాలానికి విన్నట్టుంది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. “నీకు తెలిసిందా?” అంది, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

చెప్పాను. గిన్నె అడుగున నీళ్ళు ముందు వేడెక్కి ఆవిరి బుడగలు పుడతాయని, అవి పైకి లేచేసరికి పైనున్న నీళ్ళు ఇంకా అంత వేడెక్కవు కాబట్టి అక్కడ చితికిపోతాయని, ఆ చితకడమే గుయ్యిమనే చప్పుడని. నీళ్ళన్నీ సమంగా కాగాక బుడగలు చితకవు, నిమ్మళంగా పైదాకా వచ్చేస్తాయి. అందుకే తగ్గుతుంది.

అది గిన్నెలోకే చూస్తూ కూర్చుంది. ఆ లోపల నేను దారం తెంపాను. టీ నీళ్ళు సగం ఆవిరైపోయాయి.

“అమ్మమ్మా,” అంది, “మరి పైనుంచి చన్నీళ్ళు పోస్తే మళ్ళీ గుయ్యిమంటుందా? ముందే ఒకసారి కాగి చల్లారిన నీళ్ళయితే చప్పుడు వేరేగా ఉంటుందా? ఆ బుడగలకి చితికిపోతామని తెలుస్తుందా?”

“నాకు తెలియదే,” అన్నాను.

ఆ మాట మా లక్ష్యాల్లో గాని, ఉపలక్ష్యాల్లో గాని ఎక్కడా లేదు. అది విని మా మనవరాలు లేచి చన్నీళ్ళ చెంబు తెచ్చింది. ఆ రోజు బడికి ఆలస్యమైంది. పత్రిక అరుగు మీదే ఉండిపోయింది. సంపాదకీయం దేని గురించో నాకు ఇప్పటికీ తెలియదు.

కాబట్టి, పాఠ్యప్రణాళిక వల్ల మా ఇంటికి కలిగిన ప్రశాంతత గురించి నేను మొదట చెప్పినదంతా నిన్నటిదాకా నిజం. మిమ్మల్ని ఒక్కటే వేడుకుంటున్నాను. మా వంటింట్లో ఇలా జరిగిందని దయచేసి సంఘానికి చెప్పకండి. తెలిసిందంటే, కార్యదర్శిగారు కలం మూత తీస్తారు. వచ్చే ఏడాది మీ ఇంటి పొయ్యి మీద కూడా ఒక సీసా పెడతారు.